గది ఉష్ణోగ్రతలోనే ఆకుపచ్చగా వెలిగే పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలు: తయారీ, తేడా వచ్చే చోట్లు

పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాలతో (పెరోవ్‌స్కైట్ అనే ఖనిజం లాంటి అమరిక ఉండి, నానోమీటర్లలో కొలిచేంత చిన్న స్ఫటికాలతో) చేయి తిరగాలంటే సీజియం లెడ్ బ్రోమైడ్‌తో మొదలుపెట్టండి. ఇదే కుటుంబంలోని అయొడైడ్ గది ఉష్ణోగ్రతలో పసుపు రూపంలోకి మారిపోయి వెలగడం మానేస్తుంది. క్లోరైడ్ మొదటి నుంచీ మసకగానే వెలుగుతుంది. బ్రోమైడ్ అయితే 510–520 నానోమీటర్ల దగ్గర సన్నటి ఆకుపచ్చ కాంతి ఇస్తుంది, స్ఫటికంలో కొద్దిపాటి లోపాలున్నా ఆరిపోదు. 2015లో జ్యూరిక్ ఈటీహెచ్‌లో కొవలెంకో బృందం చూపిన వేడి పద్ధతికి 140–200 డిగ్రీలు, జడ వాయువు కావాలి. ఇక్కడ చెప్పేదానికి ఫ్యూమ్ హుడ్, స్టిర్రర్, సెంట్రిఫ్యూజ్ ఉంటే సరిపోతుంది.

సీజియం బ్రోమైడ్ 85 మి.గ్రా., లెడ్ బ్రోమైడ్ 147 మి.గ్రా. తూచండి, రెండూ 0.4 మిల్లీమోల్ చొప్పున వస్తాయి. 10 మి.లీ. తేమలేని డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకం)లో వేసి కలపండి. లెడ్ బ్రోమైడ్ తొందరగానే కరుగుతుంది, సీజియం బ్రోమైడే మొండికేస్తుంది. ఒకటి రెండు గంటలు ఓపిక పట్టండి. అడుగున తెల్లటి నలకలు కనిపిస్తుంటే ముందుకు వెళ్లకండి, ఎందుకంటే ద్రావణంలో సీజియం తక్కువై సీసం ఎక్కువైపోతుంది, వెలుగు నీరసిస్తుంది. అంతా తేటగా కరిగాక 1 మి.లీ. ఒలియిక్ ఆమ్లం, 0.5 మి.లీ. ఒలైల్ అమైన్ కలపండి.

డీఎంఎఫ్ చర్మం గుండా లోపలికి పోతుంది, సీసాన్ని వెంట తీసుకుపోగలదు. మామూలు నైట్రైల్ గ్లవ్స్ దానికి ఎక్కువసేపు తట్టుకోవు. బ్యూటైల్ గ్లవ్స్ వాడండి, లేదంటే చుక్క పడగానే గ్లవ్స్ మార్చేయండి.

ఇప్పుడు అసలు పని. 10 మి.లీ. టోలుయీన్ తీసుకుని, నడుమ సుడి లోతుగా పడేంత జోరుగా తిప్పండి. 1 మి.లీ. ద్రావణాన్ని పిపెట్‌తో ఒక్కసారిగా ఆ సుడిలోకి వదలండి. చుక్కచుక్కగా పోస్తే మొదట పుట్టిన స్ఫటికాలు తర్వాతి చుక్కల్ని తిని లావెక్కుతాయి, సైజులు చెల్లాచెదురవుతాయి. సరిగ్గా కుదిరితే కొన్ని సెకన్లలోనే ద్రవం పసుపుపచ్చ రంగుకు తిరుగుతుంది. 365 నానోమీటర్ల టార్చ్ వేస్తే బీకర్ అంచు దాకా ఆకుపచ్చగా మండుతుంది. టార్చ్ వాడేటప్పుడు యూవీ కళ్లజోడు తప్పనిసరి.

వెలుగు చూసి మురిసిపోతూ బీకర్‌ను బల్ల మీద వదిలేయడమే అందరూ చేసే తప్పు. టోలుయీన్‌లో ఇంకా దాదాపు పదో వంతు డీఎంఎఫ్ ఉంది. అది చిన్న స్ఫటికాల్ని కరిగించి పెద్దవాటికి మేతగా వేస్తుంది. గంటల్లో అడుగున పసుపు పొడి, పైన వెలుగు ఆరిపోయిన ద్రవం మిగులుతాయి. వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో 3,000–4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పి, అడుగున చేరిన ముద్దను పారేయండి. పై ద్రవానికి రెండింతల ఇథైల్ ఎసిటేట్ కలిపి 8,000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పండి. ఈసారి ముద్దను ఉంచుకుని 2 మి.లీ. టోలుయీన్‌లో చెదరగొట్టండి. ఎసిటోన్, ఇథనాల్ జోలికి పోవద్దు: అవి లిగాండ్లను (స్ఫటికాల పైన అంటుకుని కాపాడే ఒలియిక్ ఆమ్లం, ఒలైల్ అమైన్ అణువులను) ఊడ్చేస్తాయి. మంచి ద్రావకంతోనైనా ఒక్కసారే కడగండి. సీసం కలిసిన మిగులు ద్రవాలన్నీ వేరే డబ్బాలోకి పోవాలి, సింకులోకి కాదు.

రంగు తేడాగా ఉంటే అదే కారణం చెబుతుంది. నీలంగా వెలిగితే అమైన్ ఎక్కువైంది, ఘనాకార స్ఫటికాలకు బదులు పలచటి పలకలు పెరిగాయి. పాలలా తెల్లబడి వెలగకపోతే సీజియం ఎక్కువున్న వేరే సమ్మేళనం ఏర్పడింది. దాని శోషణ 310 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది, అందుకే టార్చ్‌కు పలకదు. వెలుగు 525 నానోమీటర్లు దాటి పోతుంటే స్ఫటికాలు లావెక్కాయి, లేదా నమూనా మరీ చిక్కగా ఉంది.

చిక్కదనం సంగతి కొలతల్లో బాగా ఇబ్బంది పెడుతుంది. ఇవి శోషించే అంచు, వెలిగే శిఖరం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తమ కాంతిని తామే మింగేస్తాయి. 1 సెం.మీ. క్యువెట్‌లో, ఉత్తేజ తరంగదైర్ఘ్యం దగ్గర శోషణ 0.1కి లోపు ఉండేలా పలుచన చేయండి. క్వాంటమ్ దిగుబడికి (మింగిన కాంతిలో ఎంత వంతు తిరిగి వెలుగుగా వస్తుందో ఆ లెక్కకు) 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ నీటి ద్రావణంలోని ఫ్లోరెసిన్ అనే వెలిగే రంగుతో పోల్చవచ్చు. రెంటినీ 450 నానోమీటర్ల దగ్గరే ఉత్తేజపరచండి. టోలుయీన్ వక్రీభవన గుణకం 1.50, నీటిది 1.33, వాటి నిష్పత్తి వర్గంతో, అంటే సుమారు 1.27తో, గుణించడం మరిస్తే దిగుబడి అసలు కంటే తక్కువగా తేలుతుంది. పలుచన చేసిన నమూనాను మర్నాటికి ఉంచకండి, లిగాండ్లు ఊడి దిగుబడి పడిపోతుంది.

ఇంకో మాట: ఆకుపచ్చ బ్రోమైడ్‌నూ ఎరుపు అయొడైడ్‌నూ ఒకే సీసాలో కలిపి తెల్లటి కాంతి రప్పించాలని చూడొద్దు. హాలైడ్లు (ఇక్కడ బ్రోమైడ్, అయొడైడ్) చోట్లు మార్చుకుని, రెండు శిఖరాలూ పోయి మధ్యలో ఒకే రంగు తేలుతుంది. విడివిడి పొరలుగా వేయండి.

ఫిల్మ్ కావాలంటే 10 మి.లీ. టోలుయీన్‌లో 1 గ్రా. పాలీస్టైరీన్ పూర్తిగా కరిగించి, కడిగిన స్ఫటికాలు కలిపి, గాజు పలక మీద పోసి నీడలో ఆరనివ్వండి. వానాకాలంలో, సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆరేటప్పుడే తేమ పట్టి ఫిల్మ్ మసకబారుతుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఆరబెట్టండి. 450 నానోమీటర్ల నీలి ఎల్ఈడీతో చూసేటప్పుడు ఫిల్మ్‌ను చిప్‌కు అంటించకుండా కొన్ని మిల్లీమీటర్ల దూరంలో నిలబెట్టండి. చిప్ వేడి తగిలితే వెలుగు పడిపోతుంది.