తొండ ఉన్నచోట తోక మాత్రమే పడుతోందా?

ఇంటి చుట్టుపక్కల తొండల్ని, కప్పల్ని, పాముల్ని ఫొటో తీసేవాళ్లు ఫలితం బాగోకపోతే ముందు కెమెరానే అనుమానిస్తారు. నేనూ అంతే. తప్పు చాలావరకు మన నడకలోనో, వెళ్లిన వేళలోనో ఉంటుంది.

దగ్గరికి వెళ్లేలోపే తుర్రుమంటోంది

తొండకైనా నలికండ్లపాముకైనా (పేరులో పామున్నా ఇదీ బల్లి లాంటిదే) ఒంటివేడి బయటినుంచే రావాలి. మధ్యాహ్నానికి ఒళ్లు బాగా కాగి ఉంటుంది, ఇక దాన్ని అందుకోలేం. పొద్దెక్కుతుండగా వెళ్లండి, రాయి మీద వెచ్చబడుతూ కనిపిస్తుంది. నేరుగా దాని మీదికి నడవకుండా, పక్కనుంచి పోతున్నట్టు ఏటవాలుగా వెళ్లండి. రెండడుగులు వేసి ఆగాలి. అది తల ఎత్తిందంటే మీరు బొమ్మలా నిలబడిపోవాల్సిందే. మీ నీడ దాని మీద పడనివ్వొద్దు. పారిపోయినా అక్కడే కూర్చుంటే, చాలాసార్లు అదే రాయి మీదికి తిరిగొస్తుంది. బల్లినీ నలికండ్లపామునీ తోక పట్టి ఆపకండి, తెంపుకుని పోతాయి. తోక మళ్లీ మొలుస్తుంది గానీ అందులో దాచుకున్న కొవ్వు పోయినట్టే.

మూతి స్పష్టంగా ఉంది, కన్ను మసక

మరీ దగ్గరనుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే మందం కొన్ని మిల్లీమీటర్లే. మీవైపున్న కంటి మీదే ఫోకస్ పెట్టండి, లెన్సు రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/8 దాకా తగ్గించండి. కెమెరాను దాని కంటి ఎత్తుకు దించండి, మోకాళ్లకు మట్టి అంటితే అంటనీ. ఒళ్లంతా కదిలినట్టు వస్తే మాత్రం షటర్ వేగాన్ని సెకనులో 1/500 వంతుకి పెంచాలి. ఫోన్లో అయితే కంటి మీద వేలు నొక్కి ఉంచండి, జూమ్ చేయకుండా తీసి తర్వాత కత్తిరించుకోండి.

కప్ప ఒంటినిండా తెల్లటి మెరుపులు

తడి చర్మం అద్దంలా పనిచేసి ఫ్లాష్‌ను తిప్పికొడుతుంది. ఫ్లాష్ ముందు పల్చటి తెల్లకాగితం అడ్డుపెట్టండి, లేదా టార్చి వెలుగు పక్కనుంచి వేయించండి. మెరుపు పోవాలని కప్పను చేత్తో తుడిచేవాళ్లను చూశాను, దయచేసి వద్దు. కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే. మీ చేతికున్న దోమల మందు కూడా అదే దారిన లోపలికి పోతుంది.

బెకబెకలు వినిపిస్తాయి, వెళ్తే నిశ్శబ్దం

అడుగుల అదురుకే నోరు మూసేస్తాయి. టార్చి ఆర్పి 10 నిమిషాలు కదలకుండా ఉండండి. ఒకటి మొదలుపెడితే మిగతావి అందుకుంటాయి. ఎక్కడుందో తెలియాలంటే ఇద్దరు దూరదూరంగా నిలబడి శబ్దం వచ్చే వైపు చేయి చూపాలి, ఆ రెండు చూపులూ కలిసేచోటే కప్ప. చాలా జాతుల్లో అరిచేది మగదే, గొంతు బుడగ ఉబ్బిన క్షణం కోసం వరుస షాట్లు తీయండి.

ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి వెళ్లేముందు చెప్పులకంటిన మట్టి కడిగి ఆరబెట్టండి. 1999లో పేరుపెట్టిన కైట్రిడ్ శిలీంధ్రం కప్పల చర్మానికి పట్టి జాతులకు జాతుల్నే తుడిచిపెట్టింది. తడిమట్టితో అది కొత్తచోటికి చేరగలదు.

పాము కళ్లు పాలు పోసినట్టున్నాయి

ఇలాంటి ఫొటో చూసి మొదటిసారి లెన్సును మూడుసార్లు తుడిచాను. లోపం లెన్సులో లేదు. కుబుసం విడిచేముందు కొన్నాళ్లపాటు పాము కళ్లు నీలి తెలుపుగా మసకబారతాయి. అప్పుడు దానికి చూపు సరిగా ఆనదు, భయంతో కాటుకు దిగొచ్చు. దీనికి పరిష్కారం కెమెరా సంచిలో పెట్టుకుని వెనక్కి రావడమే. మామూలు రోజుల్లోనైనా జాతి తెలియని పామును విషపుదనే అనుకోండి. దాని పొడవుకు రెండింతలకన్నా ఎక్కువ దూరంలో ఉండి, పొడవాటి లెన్సుతో తీయండి. కాటు పడితే కట్లు, కోతలు ఏవీ వద్దు. నడవనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫొటోతోపాటు చోటు కూడా బయటికి పోతోంది

ఫోను ఫొటోలోనే స్థానాన్ని అక్షాంశం, రేఖాంశం అనే రెండంకెల్లో రాసిపెడుతుంది. అరుదైన తాబేలును, దాని గుడ్లను పట్టుకెళ్లి అమ్ముకునేవాళ్లకు ఆ రెండంకెలు చాలు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసి తీయండి. పాత ఫొటోలైతే పంపేముందు ఆ వివరం తీసేయండి.