గులాబీ రంగు పురుగు: మందు పిచికారీకి ముందు పత్తి చేనులో లెక్క చూసే విధానం

పత్తికి గులాబీ రంగు పురుగు పట్టిందీ లేనిదీ గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు. పిల్ల పురుగు లేత కాయను తొలుచుకొని లోపలికి చేరగానే ఆ రంధ్రం పూడిపోతుంది కనుక, లోపల గింజలు పాడవుతున్నా కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. కాయతొలుచు పురుగులను తట్టుకొనేలా బాక్టీరియా జన్యువులు చేర్చిన పత్తి, అంటే 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ పత్తిని సైతం ఈ పురుగు తట్టుకొంటున్నందున, ఎవరి చేనును వారే పరిశీలించుకోక తప్పదు.

విత్తిన 45 రోజులకు, గూడ (పూమొగ్గ) పట్టే వేళకు, ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలను (ఆడ పురుగు వాసన గల ఎరతో మగ రెక్కల పురుగులను పట్టే బుట్టలు) పైరు కంటే అడుగు ఎత్తున కట్టాలి. ఎర ఈ పురుగుకు సంబంధించినదే కావాలి. పత్తి కాయలను తొలిచే మరో పురుగైన శనగపచ్చ పురుగు ఎరకు గులాబీ రంగు పురుగు రాదు. మూడు నాలుగు వారాలకొకసారి ఎరను మార్చాలి. వరుసగా మూడు రోజులు రోజుకు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే, అది మందు అవసరమని చెప్పే గుర్తు. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు నూటికి పది కనిపించినా అంతే; వాటిని ఏరి నాశనం చేయాలి.

నాకు అన్నింటికంటే నమ్మకమైనది కాయలు కోసి చూడటం. ఎకరంలో అక్కడక్కడ తిరిగి, గట్టు వెంబడి మాత్రమే కాకుండా నడిమి సాళ్లలో కూడా, రెండు మూడు వారాల వయసున్న పచ్చి కాయలు 20 తెంపి, తొనలు విడదీసి గింజల మధ్య వెదకాలి. చిన్న పురుగు తెల్లగా ఉంటుంది కాబట్టి గులాబీ రంగు లేదని వదిలివేయరాదు. 20లో రెండింట పురుగు దొరికితే పిచికారీ చేయాలి. పక్క రైతు కొట్టాడని మాత్రం కొట్టకూడదు, ఆ డబ్బు వృథా. సందేహముంటే కోసిన కాయలను కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, వ్యవసాయ విస్తరణ అధికారి వద్దకు గానీ తీసుకువెళ్లాలి.

తొలి దశలో వేప మందుతో మొదలుపెట్టడం మంచిది. సింథటిక్ పైరిథ్రాయిడ్ (ఒక రకం రసాయన పురుగు మందులు) మందులను తొందరపడి వాడితే రసం పీల్చే తెల్లదోమ పెరుగుతుంది.

డిసెంబరు చివరికి పంట ముగించి, పత్తి కట్టెను ఇంటి దగ్గర కుప్పవేయకుండా రోటావేటరుతో నేలలో కలియదున్నాలి. ఎందుకంటే ఎండిన కాయల్లో ఒకదానికొకటి అతుక్కున్న జంట గింజల మధ్య దాగిన పురుగే మరుసటి పంటకు వస్తుంది. ఊరంతా కలిసి చేయవలసిన పని ఇదే.