వెనిస్‌కు వీల్‌చైర్‌తో వెళ్తున్నారా? వంతెన మాత్రం ఎక్కించొద్దు

మొన్న వెనిస్ చూడ్డానికి వెళ్లిన మా కావలి బంధువులు ఓ చిన్న వంతెన మెట్ల మీద వీల్‌చైర్ జారవిడిచారు. కుర్చీలో ఉన్న పెద్దావిడకు మణికట్టు విరిగింది. దసరాకు, క్రిస్మస్‌కు యూరప్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు ఇప్పుడు చాలామందే. ఒక్కరోజు వెనిస్ చూపిస్తాం అంటారు పిల్లలు. చూపించండి. స్వెటర్లు, మందులు, ఇన్సూరెన్స్ సంగతి మీకు తెలిసిందే, నేను చెప్పను.

చెప్పేది ఒకటే. కుర్చీ ఎత్తి వంతెన దాటించొద్దు.

మనకది అలవాటు. పెంచలకోనలోనో జొన్నవాడలోనో మెట్లు అడ్డమొస్తే చుట్టూ ఉన్నవాళ్లు తలా ఓ చెయ్యి వేస్తారు, పని అయిపోతుంది. వెనిస్‌లో వంతెనలు నాలుగు వందలకు పైనే, దాదాపు అన్నిటికీ మెట్లే. మొదటిది ఎత్తేస్తారు, రెండోదీ ఎత్తేస్తారు. నాలుగోదాని దగ్గర చేతులు వణుకుతాయి. వెనక్కి పోదామంటే దాటొచ్చిన మూడూ మళ్లీ ఎత్తాలి. పైగా ఫోన్ మ్యాప్ ఒకటి: ఆరు నిమిషాల నడక అంటుంది, మధ్యలో మెట్లున్నాయని అనదు.

దిగిన చోటే మొదటి చిక్కు. బస్సులు ఆగే పియాత్సాలే రోమాకూ రైల్వే స్టేషన్‌కూ మధ్య 2008లో కట్టిన కాన్‌స్టిట్యూషన్ వంతెన ఉంది. కొత్తది కదా, లిఫ్ట్ ఉంటుందనుకుంటారు. కుర్చీల కోసం పెట్టిన క్యాబిన్‌ను 2020లో తీసేశారు. పడవ ఎక్కండి.

వాపొరెట్టో అంటే నీళ్ల మీద సిటీ బస్సు. 1, 2 నంబర్లు ఊరి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ వెంబడి తిరుగుతాయి, వాటిలో కుర్చీకి చోటుంటుంది. 1591 నాటి రియాల్టో వంతెన అవతలికి పోవాలా? రియాల్టో రేవులో 1 ఎక్కి, పియాత్సాలే రోమా వైపు ఒక్క స్టాపు వెళ్లి, రియాల్టో మెర్కాతోలో దిగండి. ఊరంతా ఇలాగే చూడాలి. దిగిన చోట కుర్చీ వెళ్లినంత మేర తిరగండి, మెట్లు కనబడగానే రేవుకు వచ్చేయండి. కుర్చీ ఎక్కడెక్కడ వెళ్తుందో గుర్తులు పెట్టిన మ్యాప్ అక్కడి మునిసిపాలిటీ ఇస్తుంది, ముందే తీసి పెట్టుకోండి.

ఇక మీరు వెళ్లే రోజులే పోటు రోజులు. 2019 నవంబరు 12న నీటిమట్టం 187 సెంటీమీటర్లకు చేరింది. 2020 నుంచి ‘మోసే’ (MOSE) అనే వరద గేట్లు సముద్రానికి అడ్డం లేస్తున్నాయి కదా అని ధీమా వద్దు. నీళ్లు సుమారు 110 సెంటీమీటర్లు దాటుతాయనుకుంటేనే వాటిని లేపుతారు. ఊరి ప్రధాన కూడలి సాన్ మార్కో పల్లం, అంతకన్నా తక్కువకే నీళ్లొస్తాయి. జనం నడవడానికి పలకలు వేస్తారు, వాటికి పక్కన కమ్మీలుండవు. కుర్చీని వాటి మీదకు ఎక్కించొద్దు. నీళ్లు బాగా పెరిగితే పడవలు వంతెనల కింద పట్టవు, దారి మారుస్తారు. పోటు అంచనా చూసి అలాంటి రోజు మానుకోండి.

అక్టోబరు చివర్లో మారథాన్ కోసం కొన్ని వంతెనలకు ర్యాంపులు వేసి కొన్నాళ్లు ఉంచుతారు. ఉంటే అదృష్టం, వాటిని నమ్మి ప్లాన్ వేయొద్దు. కాలువ గట్లకు చాలాచోట్ల రెయిలింగ్ లేదు: ఫోటో తీసేటప్పుడు రెండు బ్రేకులూ వేయండి, కుర్చీ ముఖం నీళ్ల వైపు ఉండకూడదు. సిబ్బంది పడవకు తాడు కట్టి, రమ్మన్నాకే కదలండి. డోజ్ ప్యాలెస్‌లో (పాత పాలకుల భవనం) లిఫ్ట్ ఉంది, అక్కడి పాత జైలు వైపు మాత్రం కుర్చీ పోదు, వాదించొద్దు. గొండోలా మోజు వదిలేయండి. మురానో, బురానో దీవులు ఈసారికి వద్దు. బ్యాటరీ కుర్చీని ఒక్క మెట్టయినా ఎత్తొద్దు. తిరుగు రైలుకు గంట ముందే పడవలో ఉండండి. ఆలస్యమైనప్పుడే ‘ఈ ఒక్క వంతెనే కదా’ అనిపిస్తుంది. ఎక్కించొద్దు. రైలు పోతే ఇంకో రైలు వస్తుంది. మెట్ల దగ్గర ఎవరో కుర్రాళ్లు సాయం పడతామని వస్తారు, థాంక్స్ చెప్పి పంపేయండి.