స్నాప్‌కి అప్లై చేయాలంటే డ్రగ్ టెస్ట్ ఇవ్వాలా? ఆ భయంతో ఆగిపోకండి, ఇలా చేయండి

అమెరికాలో ఉద్యోగం పోయి సరుకులకి కూడా కటకటగా ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని స్నాప్‌కి, అదే అందరూ ఫుడ్ స్టాంప్స్ అంటారే, సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, దానికి అప్లై చేయకుండానే ఆగిపోతున్నాయి. ఎందుకు ఆగారండీ అంటే డ్రగ్ టెస్ట్ చేస్తారంట కదా, యూరిన్ ఇవ్వాలంట కదా, మాకెందుకొచ్చిన గొడవ అంటారు. పిల్లలకి పాలు కొనడానికి లెక్కలేసుకుంటూ కూడా ఈ పుకారు నమ్మి కూర్చుంటున్నారంటే నిజంగా బాధేస్తది, అందుకే తెలిసినంతా వివరంగా రాస్తున్నా.

స్నాప్‌కి అప్లై చేసే మామూలు మనిషికి డ్రగ్ టెస్ట్ షరతు లేదు. ఆ డబ్బు ఫెడరల్ ప్రభుత్వానిది, ఎవరికి ఇవ్వాలో రూల్స్ రాసేదీ వాళ్ళే, స్టేట్‌లు తమ సొంతంగా కొత్త షరతులు కలపకూడదని చట్టంలోనే ఉంది. 2014లో జార్జియా అనుమానం ఉన్నవాళ్ళకి టెస్ట్ చేస్తాం అని చట్టం చేసింది, స్నాప్‌ని నడిపే ఫెడరల్ వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ కుదరదనేసరికి ఫుడ్ స్టాంప్స్ విషయంలో అది అమలు కాలేదు. విస్కాన్సిన్ అయితే 2015లో యూఎస్‌డీఏ మీద కేసు కూడా వేసింది, కోర్టు దాన్ని కొట్టేసింది. ఇలాంటి వార్తల్లో హెడ్డింగ్ మాత్రమే చదివినవాళ్ళు టెస్ట్ వచ్చేసిందని ప్రచారం చేసేస్తారు, తర్వాత ఆగిపోయిందన్న సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మరి టెస్ట్ అసలు ఎక్కడ ఉంటదంటే రెండు చోట్ల. ఒకటి, 1996 ఆగస్టు 22 తర్వాత చేసిన డ్రగ్ నేరానికి ఫెలనీ, అంటే పెద్ద నేరం కింద, శిక్ష పడినవాళ్ళ విషయంలో. అప్పటి సంక్షేమ చట్టం వాళ్ళకి స్నాప్ రాకుండా జీవితాంతం నిషేధం పెట్టింది, కానీ స్టేట్‌లు దాన్ని ఎత్తేసుకోవచ్చు, సడలించుకోవచ్చు అని కూడా రాసింది, అందుకని చాలా స్టేట్‌లు ఎత్తేశాయి, కొన్ని మాత్రం షరతులు పెట్టాయి, ఆ షరతుల్లో డ్రగ్ టెస్ట్ ఒకటి ఉండొచ్చు. టెక్సస్ 2015 నుంచి మొదటిసారి శిక్ష పడినవాళ్ళకి పెరోల్ రూల్స్ పాటిస్తే స్నాప్ ఇస్తోంది. రెండోది టానఫ్, అంటే పిల్లలున్న పేద కుటుంబాలకి చేతికిచ్చే క్యాష్ సాయం. దానికి టెస్ట్ పెట్టుకోవచ్చని 1996 చట్టమే స్టేట్‌లకి అనుమతి ఇచ్చింది. 2011లో ఫ్లోరిడా అప్లై చేసిన ప్రతి ఒక్కళ్ళనీ టెస్ట్ చేసింది, అదీ ముందు వాళ్ళ జేబులోంచే ఖర్చు పెట్టించి, తీరా పాజిటివ్ వచ్చింది 2.6 శాతం మందికి. కొన్ని నెలలకే కోర్టు ఆపేసింది, 2014లో అప్పీల్ కోర్టు కూడా అనుమానం లేకుండా అందర్నీ టెస్ట్ చేయడం రాజ్యాంగ విరుద్ధమే అంది. ఆకలితో వచ్చినవాణ్ణి ముందు నువ్వు తప్పు చేయలేదని నిరూపించుకో అనడం నాకైతే అస్సలు మింగుడుపడదు. ఇప్పుడు టానఫ్‌లో టెస్టులు పెట్టిన స్టేట్‌లు ఎక్కువగా ముందు ప్రశ్నల ఫారం ఇచ్చి, అందులో అనుమానం వస్తేనే టెస్ట్‌కి పంపుతాయి.

ఇప్పుడు అప్లై చేసేటప్పుడు జాగ్రత్త. చాలా చోట్ల స్నాప్, టానఫ్, మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) మూడింటికీ ఒకటే ఫారం ఉంటది. మీకు కావాల్సింది స్నాప్ ఒక్కటే అయితే ఆ బాక్స్ ఒక్కటే టిక్ చేయండి. ఆఫీసులో ఎవరైనా టెస్ట్ ఒప్పంద పత్రం ముందు పెడితే సంతకం చేసే ముందు "ఇది ఏ ప్రోగ్రాంకి?" అని అడగండి, జవాబు రాతలో ఇమ్మనండి. ఇంగ్లీషు ఇబ్బంది అయితే ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇమ్మని అడగండి, మొహమాటపడొద్దు, అది మీ హక్కు. కాయితాలన్నీ చేతికొచ్చాకే వేద్దామని కూర్చోకండి, పేరు, అడ్రస్, సంతకం ఉంటే చాలు ఆరోజే తీసుకోవాలి, లెక్క ఆ తారీఖు నుంచే మొదలవుద్ది. మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. కానీ ఇంట్లో నెల ఆదాయం 150 డాలర్ల లోపు ఉండి చేతిలో, బ్యాంకులో కలిపి 100 డాలర్లు మించకపోతే, లేదా అద్దె, కరెంటు బిల్లులు కలిపి ఆ నెల ఆదాయం, ఉన్న డబ్బు కన్నా ఎక్కువైతే 7 రోజుల్లోనే ఇవ్వాలి, ఇది వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోతే మీరే అడగాలి.

వీసా సంగతి. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకి స్నాప్ రాదు, గ్రీన్ కార్డ్ ఉన్న పెద్దవాళ్ళకి మామూలుగా 5 ఏళ్ళు ఆగాలి, కానీ ఇక్కడే పుట్టిన పిల్లలు సిటిజన్లు కాబట్టి వాళ్ళ కోసం అమ్మానాన్న అప్లై చేయొచ్చు, మీ ఆదాయం మాత్రం లెక్కలోకి వస్తది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

టానఫ్ వల్లో పాత కేసు వల్లో నిజంగానే టెస్ట్‌కి పిలిస్తే మనవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది గసగసాలు. కోడికూర మసాలాలో వేస్తాం, పాయసం చేస్తాం, అది తిన్న తర్వాత ఒకట్రెండు రోజులు యూరిన్‌లో మార్ఫిన్, కోడీన్, అంటే ఓపియేట్స్ అనే నల్లమందు రకం మందులు, కనపడొచ్చు. ఈ గొడవ వల్లే 1998లో ఫెడరల్ ఉద్యోగుల టెస్టుల్లో ఓపియేట్ కటాఫ్‌ని, అంటే ఎంత ఉంటే పాజిటివ్ అనాలన్న హద్దుని, 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు, 2023లో మిలిటరీ కూడా తన సైనికుల్ని గసగసాలు తినొద్దంది. అందుకని టెస్ట్ ఉందని తెలిసిన రోజు నుంచే మానేయండి. ఇండియా నుంచి తెచ్చుకున్న కోడీన్ దగ్గు సిరప్, జలుబు మాత్రలు, విజయ అని పేరు రాసి ఉన్న ఆయుర్వేద మందులు (అది గంజాయి మొక్కే), ఇక్కడ షాపుల్లో దొరికే సీబీడీ గమ్మీలు, ఇవన్నీ ఇబ్బంది పెట్టొచ్చు. డాక్టర్ రాసిన మందులు మాత్రం టెస్ట్ కోసం మీ అంతట మీరు ఆపకండి, ప్రిస్క్రిప్షన్ కాపీ తీసుకెళ్ళండి. మొదటి టెస్ట్ పాజిటివ్ వస్తే కంగారుపడకుండా మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే కచ్చితమైన ల్యాబ్ పరీక్షతో కన్ఫర్మ్ చేయమని రాతపూర్వకంగా అడగండి, మొదటిది త్వరగా చేసే పరీక్ష, అందులో పొరపాట్లు జరుగుతాయి.

టానఫ్ రాలేదు కాబట్టి స్నాప్ కూడా లేదు అంటే ఒప్పుకోవద్దు, అదొక్కటే కారణంగా స్నాప్ కొట్టేయకూడదు. అయితే ఇప్పటికే టానఫ్ తీసుకుంటూ రూల్ తప్పారని శిక్ష పడితే కొన్ని స్టేట్‌లు ఆ ఒక్క మనిషి స్నాప్ కూడా ఆపొచ్చు, అందుకే నోటీసులో కారణం అక్షరం అక్షరం చదవండి. నచ్చకపోతే 90 రోజుల్లోపు ఫెయిర్ హియరింగ్, అంటే మీ వాదన విని ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూసే విచారణ, అడగొచ్చు. వస్తున్న స్నాప్‌నే ఆపుతాం అని నోటీసు వస్తే అందులో వేసిన తారీఖు లోపే హియరింగ్ అడగండి, మామూలుగా 10 రోజులుంటది, అప్పుడు తీర్పు వచ్చేదాకా డబ్బు ఆగదు, ఓడిపోతే మాత్రం వెనక్కి కట్టమంటారు. హియరింగ్‌కి లాయర్ ఫీజు పెట్టుకోలేకపోతే మీ కౌంటీలో లీగల్ ఎయిడ్ ఆఫీసు ఉచితంగా చూస్తది, వెళ్ళేటప్పుడు నోటీసుతో పాటు అది వచ్చిన కవరు కూడా పట్టుకెళ్ళండి, దాని మీద పోస్టల్ ముద్ర ఉంటే మీకు ఎప్పుడు పంపారో తేలిపోద్ది.