కరెంటు ఎక్కడ నయమో తేల్చుకోవాలంటే డిస్కంని కాదు, ఫీడర్‌ని చూడండి

ఇల్లు మారేటప్పుడు నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో అందరూ అడుగుతారు, కరెంటు సంగతి మాత్రం "బాగానే ఉంటుందండీ" అన్న ఓనరు మాట మీద వదిలేస్తారు. మా అమ్మకి ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే కరెంటు మెషీన్) నడుస్తుంది కాబట్టి నేను అలా వదిలేయలేకపోయాను.

మీరు పోల్చి చూసే రెండు ఊళ్లూ ఏ డిస్కం (ఇళ్లకి కరెంటు పంపిణీ చేసే సంస్థ) కిందికి వస్తాయో ముందు చూడండి. తెలంగాణలో ఎస్పీడీసీఎల్, ఎన్పీడీసీఎల్ ఉన్నాయి. ఆంధ్రలో విశాఖ కేంద్రంగా ఈపీడీసీఎల్, విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్, తిరుపతి కేంద్రంగా ఎస్పీడీసీఎల్. తర్వాత రెండు అంకెలు వెతకండి. సైఫీ అంటే ఒక్కో కనెక్షన్‌కి ఏడాదిలో సగటున ఎన్నిసార్లు కరెంటు పోయింది, సైడీ అంటే సగటున మొత్తం ఎన్ని నిమిషాలు పోయింది అని. 2020లో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో కూడా ఈ రెండు కొలతలే ఉన్నాయి.

లెక్క కష్టం కాదు. 1,000 కనెక్షన్లలో 400 ఇళ్లకి ఒకసారి 90 నిమిషాలు పోయిందనుకోండి, సైఫీ 0.4, సైడీ 36 నిమిషాలు. సైడీని సైఫీతో భాగిస్తే మళ్లీ 90 వస్తుంది, అంటే పోయిన కరెంటు రావడానికి సగటున పట్టే టైము. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఎందుకంటే ఐదేసి నిమిషాలు ముప్ఫైసార్లు పోయినా ఇన్వర్టర్ కాపాడుతుంది కానీ, ఏడాదికి మూడేసార్లు పోయి పోయినప్పుడల్లా నాలుగు గంటలు రాకపోతే మా ఇంట్లో ప్రాణం మీదికొస్తుంది. మోటార్లు, మెషీన్లు నడిపేవాళ్లకి దీనికి పూర్తిగా రివర్స్, వాళ్లు సైఫీ చూసుకోవాలి.

రేటింగుల దగ్గర జాగ్రత్త. విద్యుత్ రంగానికి అప్పులిచ్చే కేంద్ర సంస్థ పీఎఫ్‌సీ ద్వారా వచ్చే డిస్కంల రేటింగ్‌లో పెద్ద వాటా డబ్బు లెక్కలదీ, నష్టాలదీ. మనకి పనికొచ్చేది అలాంటిదే ఇంకో సంస్థ ఆర్‌ఈసీ ఇచ్చే వినియోగదారుల సేవల రేటింగ్. ఇంకో మాట, తుపాను రోజుల్ని లెక్కలోంచి తీసేశారా, రెండు మూడు నిమిషాలు పోయి వచ్చే ట్రిప్పుల్ని కలిపారా అన్నది రెండు వైపులా ఒకేలా ఉంటేనే పోల్చండి. 2014 హుద్‌హుద్ లాంటిది కలిపితే విశాఖ అంకె ఒకలా ఉంటుంది, తీసేస్తే ఇంకోలా ఉంటుంది.

ఇదంతా చేసినా మీకు దొరికేది డిస్కం మొత్తం సగటే. మీ వీధికి కరెంటు తెచ్చేది ఒక లెవెన్ కేవీ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను. ఒకే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరిన రెండు ఫీడర్లలో ఒకటి ఆసుపత్రి ఉన్న రోడ్డు మీదుగా, ఇంకొకటి చెట్ల మధ్య నుంచి చేల మీదుగా పోతే రెండిటికీ పోలికే ఉండదు. అందుకని లైన్‌మేన్‌ని "ఈ వీధికి ఏ సబ్‌స్టేషన్, ఏ ఫీడర్ అండీ? ఎల్‌సీ ఎన్నాళ్లకోసారి తీసుకుంటారు?" అని మర్యాదగా అడగండి. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, పని చేయడానికి లైనులో కరెంటు ఆపడం. నన్నడిగితే అన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం పక్క అపార్ట్‌మెంట్ జనరేటర్. దానికున్న అవర్ మీటర్, వాచ్‌మన్ రాసే డీజిల్ పుస్తకం చూస్తే ఏ నెలలో ఎన్ని గంటలు నడిచిందో తెలిసిపోతుంది. జనవరి లెక్క చూసి మురిసిపోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏసీల లోడు, సాయంత్రం గాలివానలు, అసలు పరీక్ష అప్పుడే, రెండు ఊళ్లకీ అవే నెలలు పోల్చండి.

చివరికి మేము ట్రిప్పులు ఎక్కువున్న ఊరికే వచ్చాం. ఇక్కడ కరెంటు తరచూ పోతుంది కానీ గంట దాటడం అరుదు, మా ఇన్వర్టర్ రెండున్నర గంటలు లాగుతుంది, దాని పక్కన ఒక నిండు ఆక్సిజన్ సిలిండర్ ఎప్పుడూ ఉంచుతున్నాం.