లిక్విడ్ నైట్రోజన్ నుంచి తీసిన అరటి చిగురు బతకడం లేదా? సమస్య - పరిష్కారం

మనం తినే అరటిలో మొలకెత్తే విత్తనం ఉండదు. అందుకే చక్కెరకేళినో, అమృతపాణినో వడ్లలాగా ఎండబెట్టి ఫ్రీజర్‌లో దాచలేం. తోటలో ఉంచితే పనామా తెగులు భయం. టిష్యూ కల్చర్ సీసాల్లో ఉంచితే పదేపదే మార్చే చాకిరీ. కాబట్టి ఒక్క మిల్లీమీటరు చిగురు కొనను కోసి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో దాస్తారు. బెల్జియంలోని లూవెన్‌లో ఉన్న అంతర్జాతీయ అరటి సేకరణలో చేసేది ఇదే. దాచడం ఒక ఎత్తు. తీశాక బతికించడంలోనే టెన్షన్ అంతా.

ముందు మూడు ప్లేట్లు పెట్టండి

ఒకదానిలో ఏ మందూ తగలని కొనలు. రెండోదానిలో పీవీఎస్2 ద్రావణంలో (కణాల్లోని నీటిని లాగి, మంచు కట్టకుండా కాపాడే మందు) నానబెట్టి, నైట్రోజన్‌లో ముంచనివి. మూడోదానిలో ముంచి తీసినవి. మొదటి ప్లేటే చస్తే తప్పు కోతలోనో, మొక్కలోనో ఉంది. రెండోది చస్తే మందులో. మూడోది మాత్రమే చస్తే మంచులో. రెండో ప్లేటు దండగని వదిలేస్తే, కారణం తెలియక నెలలు పోతాయి. దయచేసి వదలకండి.

కొన తెల్లబడి, మెత్తగా నీరుకారిపోతోంది

కారణం: కణాల్లో నీరు మిగిలి, మంచు పలుకులై కణపొరలను చీల్చింది.

పరిష్కారం: 2 మోలార్ (గాఢత కొలత) గ్లిసరాల్, 0.4 మోలార్ చక్కెర ఉన్న ద్రావణంలో 20 నిమిషాలు ఉంచాకే పీవీఎస్2లోకి మార్చండి. అందులో సున్నా డిగ్రీల దగ్గర 30 నుంచి 40 నిమిషాలు. తర్వాత సన్నని అల్యూమినియం ఫాయిల్ ముక్క మీద చిన్న చుక్కలో కొనను పెట్టి, ఒక్కసారిగా ముంచాలి. ముంచాక చుక్కను చూడండి. గాజుపూసలా తేటగా ఉంటే సరే. పాలచుక్కలా తెల్లబడితే మంచు కట్టినట్టే.

తీసేటప్పుడు కూడా అంతే తొందర కావాలి. ట్యాంకు బయట ఫాయిల్‌ను పట్టుకుని లేబుల్ చదువుతూ ఆగితే, గాజులా ఉన్న చుక్క వేడెక్కుతూ మంచుగా మారిపోతుంది. లేబుల్ ముందే చూసుకోండి. నైట్రోజన్ నుంచి నేరుగా గది ఉష్ణోగ్రతలో ఉన్న 1.2 మోలార్ చక్కెర నీళ్లలోకి వేసి, 15 నిమిషాలు ఉంచండి.

కొన నల్లబడుతోంది

రెండో ప్లేటు కూడా నల్లబడితే పీవీఎస్2 ఎక్కువసేపు తగిలింది. ఇది ఎక్కువగా లెక్క తప్పడం వల్లే. ముప్పై కొనలు ఒకేసారి వేసి, ఒక్కొక్కటీ ఫాయిల్ మీదికి ఎత్తేసరికి చివరిదానికి పది నిమిషాలు అదనంగా పడతాయి. అయిదారు చొప్పున వేయండి, గిన్నెను ఐసులోనే ఉంచండి.

మొదటి ప్లేటు కూడా నల్లబడితే అది అరటి కోతలో ఊరి, గాలి తగిలి నల్లబడే ఫినాల్స్ అనే పదార్థాల పని. బ్లేడు తరచూ మార్చండి, ప్లేట్లను వారం చీకట్లో ఉంచండి.

కొన కణాల ముద్దగా ఉబ్బుతోంది, చిగురు రావడం లేదు

చుట్టూ కణాలు బతికాయి, చిగురు పుట్టించే నడిమి భాగం (మెరిస్టెమ్) చచ్చింది. కొన పెద్దదైతే మందు లోపలికి దిగదు. ఇంకా చిన్నగా కోయండి.

బ్యాక్టీరియా కనిపిస్తోంది

నైట్రోజన్ బ్యాక్టీరియాను చంపదు. తల్లి కల్చర్‌లో ఉన్నదే తిరిగి లేచింది. శుభ్రమైన కల్చర్‌తో మళ్లీ మొదలుపెట్టాలి.

నాచు పచ్చగానే ఉంది, పెరగడం లేదు

అరటి కొనల్లాగే సూక్ష్మ నాచులనూ నైట్రోజన్‌లో దాస్తారు. వాటి దగ్గర రంగును నమ్మకండి. కణం చచ్చినా పత్రహరితం కొన్నాళ్లు ఉంటుంది. బతికిందో లేదో పెరుగుదలే చెప్పాలి. చాలా నాచులకు మంచు దెబ్బ తగలకుండా 5 శాతం డీఎంఎస్ఓ లేదా మిథనాల్ అనే మందు వేసి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున మైనస్ 40 దాకా దించి, ఆపైన నైట్రోజన్‌లో వేస్తారు. తీశాక 40 డిగ్రీల నీళ్లలో కరిగించి, ఆ మందును పలచన చేయాలి. వెంటనే వెలుతురులో పెడితే దెబ్బతిన్న కణాలు తట్టుకోలేవు. ఒక రోజు చీకట్లో ఉంచండి.

వయల్ (నిల్వ చేసే చిన్న మూత సీసా) పేలింది

మూత సందులోంచి లోపలికి చేరిన నైట్రోజన్, వేడి తగలగానే ఆవిరై పగలగొట్టింది. వయల్స్‌ను ద్రవంలో కాకుండా పైనున్న ఆవిరిలో నిల్వ చేయండి. ముఖానికి షీల్డ్ లేకుండా ఒక్క వయల్ కూడా తీయకండి.