గీత లేవకపోతే సెన్సర్‌ని తిట్టకండి: యూఎక్స్ ఎమోషన్ ల్యాబ్‌లో చిక్కులు, విరుగుళ్లు

యాప్ వాడేవాళ్ల అనుభవాన్ని (యూఎక్స్), అందులో పుట్టే భావాలను కొలిచే ల్యాబ్‌కు గ్రాంటు వచ్చింది, గది దొరికింది, చూపు ఎటు పోతోందో పట్టే ఐ ట్రాకరూ, చెమట వల్ల చర్మం గుండా కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచే జీఎస్‌ఆర్ సెన్సరూ అట్టపెట్టెల్లోంచి బయటికొచ్చాయి. బస్సు టికెట్ల యాప్ వాడుతుంటే మనిషికి ఎక్కడ చిరాకేసింది, ఎక్కడ కంగారు పుట్టింది అన్నది ఇక కళ్లకు కట్టినట్టు కనిపిస్తుందని మా విద్యార్థులు మహా ఉత్సాహంగా ఉన్నారు. తీరా మొదటి పదిమందిని కూర్చోబెట్టి డేటా తెరిస్తే ఏ గ్రాఫూ నమ్మబుద్ధి కాలేదు. పరికరం పాడైందని అమ్మినవాళ్లకు ఫోన్ చేసేముందు కింద రాసినవి చూసుకోండి. మా ల్యాబ్‌లో తప్పు పరికరంలో దొరికింది ఒకటీ అరా సార్లే.

జీఎస్‌ఆర్ గీత చదునుగా పడి ఉంది. సీటు చేజారినా, డబ్బు కట్ అయి టికెట్ రాకపోయినా కదలదు

ముందు ఆ మనిషి చెయ్యి పట్టుకుని చూడండి. మేం ఆ పని మూడో రోజుకు గానీ చేయలేదు. ఆ రోజు కూర్చున్నామె వేళ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయల్లా ఉన్నాయి. కంప్యూటర్లున్న గది కదా అని ఎవరో ఏసీ 18లో పెట్టారు, ఆ గాలి సూటిగా ఆమె కుర్చీ మీదికే వస్తోంది. జీఎస్‌ఆర్ కొలిచేది అరచేతుల్లో, వేళ్లలో చెమట గ్రంథుల కదలికను. చల్లబడ్డ చేతుల్లో ఆ కదలిక అణిగిపోతుంది.

ఏసీ 23, 24 దగ్గర ఉంచి, గాలి మనిషి మీద పడకుండా మళ్లించండి. వచ్చినవాళ్లను మామూలు సబ్బుతో చేతులు కడుక్కోమనండి, శానిటైజర్ వద్దు, అది చర్మాన్ని ఎండబెడుతుంది. వాడకం తక్కువున్న చేతికి, చూపుడువేలికీ మధ్యవేలికీ ఎలక్ట్రోడ్లు పెట్టి పది నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. జెల్ సంగతీ చూడండి: మెడికల్ షాపులో దొరికే ఈసీజీ జెల్‌లో ఉప్పు ఎక్కువ, అది రీడింగ్‌ను పైకి లాగేస్తుంది. దీనికి వాడాల్సింది 0.5 శాతం ఉప్పుండే ఐసోటోనిక్ జెల్.

తర్వాత, “ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి ఆపండి” అనండి. ఒకటి నుంచి మూడు సెకన్లలో గీత ఓ గుట్టలా లేవాలి. లేవకపోతే అదే సెన్సర్ మీ వేళ్లకు పెట్టుకుని చూడండి. మీకు లేచిందంటే సెన్సర్ బాగానే ఉన్నట్టు. చేతిపని చేసేవాళ్లకు వేళ్ల చర్మం మందమెక్కి ఉంటుంది, వాళ్లకు అరచేతి కండ మీదికి మార్చండి. నిక్షేపంగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఈ స్పందన దాదాపు కనిపించదు. వాళ్ల డేటా ఏం చేయాలో ప్రయోగం మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోండి. ఫలితాలు చూశాక తీసుకునే నిర్ణయాన్ని ఎవరూ నమ్మరు.

గీత మొదటి నుంచీ పైనే ఉంది, దిగదు

టీ. వచ్చినవాళ్లకు టీ ఇవ్వకుండా పని మొదలుపెట్టడం మన ఇంటా వంటా లేదు. కానీ కెఫీన్ చర్మ వాహకతను పెంచుతుంది. మూడంతస్తులు మెట్లెక్కి రావడమూ అంతే. టీ చివర్లో ఇవ్వండి. మా దగ్గర అటెండర్ అన్నకు ఇది నచ్చజెప్పడానికి వారం పట్టింది. “మంచినీళ్లైనా ఇవ్వనియ్యరా సార్?” అన్నాడు. నీళ్లు ఇవ్వొచ్చు.

గీత రంపపు పళ్లలా ఎగిరెగిరి పడుతోంది

ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్లతో టైప్ చేస్తుంటే ఎలక్ట్రోడ్ కదలక ఏం చేస్తుంది? ఫోన్‌ను స్టాండులో పెట్టి ఒక చేత్తో వాడమనండి. అది అసహజంగా ఉంటుందనుకుంటే సెన్సర్‌ను అరికాలి లోపలి వంపుకు మార్చండి. ఈసీజీ కూడా తీస్తుంటే, అందులోనూ రొద ఉంటే అది 50 హెర్ట్జ్ కరెంటు రొద కావచ్చు: లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి.

కంగారు కనిపిస్తోంది గానీ, తప్పు స్క్రీన్ దగ్గర

చెమట గ్రంథులు వెంటనే పలకవు, ఒకటి నుంచి మూడు సెకన్లు ఆగుతాయి. ఆలోపు మనిషి తర్వాతి పేజీకి వెళ్లిపోతాడు. పైగా సెన్సర్, ఐ ట్రాకర్, స్క్రీన్ రికార్డింగ్ దేని గడియారం దానిది. అన్నిటినీ ల్యాబ్ స్ట్రీమింగ్ లేయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకే కాలరేఖ మీదికి తెచ్చుకోండి. సెషన్ మొదట్లో, చివర్లో అన్ని రికార్డింగుల్లోనూ పడే గుర్తు ఒకటి వేయండి. రెండు గుర్తుల మధ్య వ్యవధి అన్నిట్లో ఒకేలా రాకపోతే ఏదో గడియారం జారుతున్నట్టే.

గుట్ట లేచింది, విద్యార్థి పక్కనే “చిరాకు” అని రాశాడు

అసలు జబ్బు ఇదే, మిగతావన్నీ జలుబు లాంటివి. జీఎస్‌ఆర్ చెప్పేది లోపల అలజడి ఎంత రేగిందన్నది మాత్రమే. అది సంతోషమా, భయమా, సిగ్గా అన్నది చెప్పదు. మనస్తత్వవేత్త రసెల్ 1980లో గీసిన వృత్తంలో భావానికి రెండు ఇరుసులు: ఇంపు–వెగటు ఒకటి, అలజడి–నెమ్మది ఒకటి. మన సెన్సర్ రెండోదాన్నే చూస్తుంది. ముఖం చదివే సాఫ్ట్‌వేర్ మొదటిదాన్ని పూడుస్తుందా? అంత నమ్మకం పెట్టుకోకండి. ముఖకవళికల నుంచి భావాన్ని నికరంగా పట్టలేమని మనస్తత్వవేత్త బారెట్ బృందం 2019లో పరిశోధనలన్నీ వడపోసి చెప్పింది. మా దగ్గర ఒక పెద్దాయన పేమెంట్ మూడోసారి ఫెయిలయ్యాక పకపకా నవ్వాడు. సాఫ్ట్‌వేర్ “సంతోషం” అంది. ఆయన్ని అడిగితే, “పిల్లల ముందు పరువు పోతుంటే నవ్వక ఏం చేస్తామండీ” అన్నాడు.

అందుకే పని అయిన వెంటనే రికార్డింగ్ వెనక్కి తిప్పి, గుట్ట లేచిన చోట ఆపి, “ఇక్కడ ఏమనిపించింది?” అని అడగండి. దాంతోపాటు బ్రాడ్లీ, లాంగ్ 1994లో వివరించిన శామ్ బొమ్మల స్కేలు (తన భావానికి సరిపోయే బొమ్మను మనిషే ఎంచుకునేది) ఇవ్వండి. గుట్ట, మాట, బొమ్మ మూడూ కలిస్తేనే “చిరాకు” అని రాయండి.

బొమ్మల స్కేలు మీద అందరూ తొమ్మిదికి ఎనిమిది వేస్తున్నారు

మొహమాటం. ఎదురుగా కూర్చున్న పిల్ల కష్టపడి చేసిన యాప్‌ను బాగోలేదని ఎలా అంటారు? 2012లో బెంగళూరులో చేసిన అధ్యయనమొకటి దీన్ని లెక్కగట్టింది: అడిగేవాళ్లే తయారు చేశారని అనుకుంటే, జనం దాన్ని ఇష్టపడ్డామని చెప్పే అవకాశం రెండున్నర రెట్లు పెరిగింది. అడిగేది అనువాదకుడితో వచ్చిన విదేశీయుడైతే ఐదు రెట్లు.

డిజైన్ చేసినవాళ్లను గదిలో ఉంచకండి. “మీకు నచ్చిందా?” అని అడిగితే “పర్లేదండి” వస్తుంది, దాన్ని ఎటైనా లెక్కేసుకోవచ్చు. “ఇదే యాప్ మీ అత్తగారి చేతికిస్తే ఎక్కడ ఆగిపోతారు?” అని అడిగి చూడండి. అత్తగారి పేరు మీద నిజాలన్నీ బయటికొస్తాయి.

భాష కూడా చూసుకోండి. అలజడి ఇరుసుకు మేం మొదట “ఉద్రేకం” అని పెట్టాం. చాలామంది దాన్ని కోపమనుకుని తక్కువ వేశారు. తర్వాత “ఒళ్లంతా నెమ్మదిగా ఉంది – గుండె దడదడలాడుతోంది” అని మార్చాక అడిగినవాళ్లకు అర్థమైంది. కరీంనగర్ నుంచి వచ్చినామె చిరాకు అనలేదు, “పరేషాన్ చేసింది, యాష్టకొచ్చింది” అంది. ఆ మాటలను యథాతథంగా రాసుకోండి, పుస్తక భాషలోకి దిద్దకండి.

కనుపాప పెద్దదైంది: ఆసక్తేనా?

ముందు పేజీ నల్లది, ఇది తెల్లదైతే కనుపాప కుంచించుకుపోతుంది, తారుమారైతే పెద్దదవుతుంది. అది వెలుగు పని. కిటికీకి మందపాటి తెర వేసి, గది వెలుగు మార్చకుండా, ఒకే మోతాదు వెలుగున్న స్క్రీన్లనే పోల్చండి. దట్టమైన కాటుక, మస్కారా, మెరిసే కళ్లద్దాలు ట్రాకర్‌ను తికమక పెడతాయి. రమ్మని పిలిచేటప్పుడే మర్యాదగా చెప్పండి.

ఎథిక్స్ కమిటీ ఫైల్ వెనక్కి పంపింది

సమ్మతి పత్రంలో ముఖం వీడియో సంగతి లేదేమో చూడండి. ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చా అన్నవి తెలుగులో ఉండాలి. పరికరాలకు ఆర్డర్ పెట్టిన రోజే ఈ ఫైలూ కదపండి.

ఆరు నెలలు బాగానే ఉంది, ఇప్పుడు గీత మెల్లగా ఒక వైపుకు జారుతోంది

ఎలక్ట్రోడ్ల మీద పాత జెల్ ఎండి ఉంటుంది, లేదా ఎవరో మరకనుకుని గోకి సిల్వర్ క్లోరైడ్ పూత ఊడగొట్టి ఉంటారు. ఆ బూడిదరంగు పూతే వాటి ప్రాణం. సెషన్ అవగానే డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. పూత ఊడినవాటిని పారేసి కొత్తవి పెట్టండి.